పద్దెనిమిది లక్షలకు సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నా భర్తకు 34 ఏళ్లు, టైల్స్ మేస్త్రి. నెలకు 25 వేల దాకా సంపాదించేవారు. నాలుగు నెలల క్రితం బైకు మీద పనికి వెళుతుంటే వెనక నుంచి లారీ ఢీకొట్టింది. వెన్నుపూస దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. ఇక నడవలేరని డాక్టర్లు చెప్పారు. ఆసుపత్రికి 9 లక్షలు ఖర్చయింది. అందులో 4 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. లారీ బీమా కంపెనీ తరఫున ఒకాయన వచ్చి, 18 లక్షలకు రాజీపడితే నెలలో చెక్కు ఇప్పిస్తానంటున్నారు. కోర్టుకు వెళితే ఏళ్లు పడుతుంది, ఒప్పుకోమని బంధువులు చెబుతున్నారు. అప్పు తీర్చగా మిగిలింది ఇళ్ల స్థలం మీద పెట్టమని మా బావగారి సలహా. ఇద్దరు పిల్లలు. అర ఎకరం మెట్ట పొలం ఉంది, ఏడాదికి 10 వేల కౌలు వస్తుంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ కాగితం మీద మీరు గానీ, మీ వారు గానీ సంతకం పెట్టకండి. ఎందుకో చెబుతాను.

18 లక్షల్లో ఆసుపత్రికి అయిన 9 లక్షలు తీసేస్తే మిగిలేది 9 లక్షలు. అది మీ వారి సంపాదనలో సరిగ్గా 36 నెలలది. ఆయనకు 34 ఏళ్లు. మూడేళ్ల సంపాదన చేతిలో పెట్టి ముప్పై ఏళ్ల బతుకు గడుపుకోమంటున్నారు. పైగా ఆ కాగితంలో సాధారణంగా 'ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయను' అన్న వాక్యం ఉంటుంది.

కోర్టు ఎలా లెక్క కడుతుందో చూడండి. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వయసును బట్టి ఒక గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని ఎంతతో గుణించాలో చెప్పే అంకె, ఖరారు చేసింది. 31 నుంచి 35 ఏళ్ల వారికి అది 16. సొంతంగా పనిచేసుకునే వారికి 40 ఏళ్ల లోపు అయితే భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద మరో 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. ఈ పెంపు చనిపోయిన వారి కుటుంబాలకే కాదు, శాశ్వతంగా వికలాంగులైన వారికీ వర్తిస్తుందని 2020లో మరో తీర్పు స్పష్టం చేసింది. మీ వారి నెల ఆదాయం 25 వేలని రుజువైతే ఏడాదికి 3 లక్షలు, 40 శాతం కలిపితే 4.20 లక్షలు, 16తో గుణిస్తే 67.20 లక్షలు. ఇది సంపాదన నష్టం ఒక్కటే. ఆసుపత్రి ఖర్చు, ముందుముందు వైద్యం, తోడు మనిషి ఖర్చు, పడ్డ బాధ, కోల్పోయిన జీవితానందం వేరే పద్దులు.

ఈ మొత్తమంతా చేతికి వస్తుందని హామీ ఇవ్వలేను. కోర్టు ఆదాయాన్ని తగ్గించి తీసుకోవచ్చు. ఆయన నిర్లక్ష్యమూ కొంత ఉందని బీమా కంపెనీ వాదించవచ్చు. హెల్మెట్, లైసెన్సు విషయంలో ఏదైనా లోపం ఉంటే మీ వకీలుకు ముందే చెప్పేయండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆదాయ రుజువే. మేస్త్రికి జీతం చీటీ ఉండదు. ఏ ఆధారమూ లేకపోతే కోర్టు తానే ఒక అంకె ఊహించి వేస్తుంది. అది నెలకు 15 వేలే అనుకోండి, సంపాదన నష్టం 40.32 లక్షలకు దిగిపోతుంది. నెలకు పది వేలు రుజువు చేయలేకపోతే పోయేది దాదాపు 27 లక్షలు! ఇన్నేళ్లుగా ఇలాంటి కుటుంబాల లెక్కలు చూస్తున్నాను. వాదనలో ఓడి నష్టపోయిన వారికంటే కాగితాలు లేక నష్టపోయిన వారే నాకు ఎక్కువగా కనిపించారు. అందుకే గడిచిన రెండు మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫోన్‌పే, గూగుల్‌పే జమలు, పని ఇచ్చిన కాంట్రాక్టర్ల పేర్లు, కార్మిక శాఖ కార్డు ఉంటే అది, అన్నీ ఒక ఫైలులో పెట్టండి. కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పగల ఇద్దరు ముగ్గురు ఇంటి యజమానులు దొరికితే ఇంకా మంచిది.

రెండోది వైకల్యం శాతం. సదరం ధ్రువపత్రంలో, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో, 80 అని ఉన్నా, 90 అని ఉన్నా, కోర్టు చూడవలసింది ఆ అంకెను మాత్రమే కాదు. 2010 నాటి రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని చక్కగా విడమరిచింది. ఎడమ చేయి పోయిన డ్రైవరుకు, వడ్రంగికి సంపాదన మొత్తం పోవచ్చు. అదే చేయి పోయిన ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగంలో కొనసాగవచ్చు. నేల మీద గొంతుక్కూర్చుని, బరువులెత్తి రాళ్లు పరిచే మనిషికి రెండు కాళ్లూ పనిచేయకపోతే నష్టం నూటికి నూరు పాళ్లు. ఈ మాట పిటిషన్‌లో ఉండాలి, చికిత్స చేసిన డాక్టరు సాక్ష్యంలోనూ రావాలి.

తోడు మనిషి ఖర్చు దగ్గర మీలాంటి వారు వెనక్కి తగ్గుతారు. 'నేనే చేసుకుంటున్నాను కదా, దానికి డబ్బు అడగడమేమిటి' అనుకుంటారు. మూడు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పి, పడక పుండ్లు పడకుండా చూసి, మూత్రం గొట్టం శుభ్రం చేసేది మీరు. ఆ వేళల్లో మిషను ముందు కూర్చోలేకపోతున్నదీ మీరే. పన్నెండేళ్ల బాలిక కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకులకు కలిపి నెలకు 10 వేల చొప్పున, గుణకం 18తో, ఈ ఒక్క పద్దు కిందే 21.60 లక్షలు ఇచ్చింది. నెలకు 10 వేలే అనుకున్నా మీ వారి గుణకంతో 19.20 లక్షలవుతుంది. మీకు చూపుతున్న 18 లక్షల కంటే ఇదొక్కటే ఎక్కువ.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పిటిషన్ వేయాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. మీకు రెండు నెలలే మిగిలాయి. రాజీ మాటలతో ఆ రెండు నెలలూ కరిగిపోకూడదు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే (వాహన ప్రమాదాల పరిహారం తేల్చే కోర్టు) వేయవచ్చు. ఆ తరువాత కంపెనీ మంచి మొత్తం ఇస్తానంటే ట్రిబ్యునల్ ఎదుటే మాట్లాడుకోవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే మాత్రం దాని మీద అప్పీలు ఉండదు, అక్కడా తొందరపడకండి.

వచ్చిన దాంట్లో ఇంత శాతం అని వకీలు అడిగితే ఒప్పుకోకండి. ఫలితంలో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఫీజు ఎంతో ముందే కాగితం మీద రాయించుకోండి. అదీ కష్టమైతే, మహిళలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి.

ఇదంతా తేలడానికి సమయం పడుతుంది. పిటిషన్ వేసిన నాటి నుంచి తీర్పు మొత్తం మీద వడ్డీ ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది, సాధారణంగా 6 నుంచి 9 శాతం ఇస్తుంటాయి. కానీ మీ నెత్తిన ఉన్నది 36 శాతం వడ్డీ. 4 లక్షలకు నెలకు 12 వేలు. మిమ్మల్ని ఆ 18 లక్షల వైపు నెడుతున్నది ఈ వడ్డీయే. అందుకే చాలామందికి నచ్చని సలహా ఇస్తున్నాను: పొలం అమ్మండి. ఏడాదికి 10 వేల కౌలు తెచ్చే భూమిని కాపాడుకోవడానికి ఏడాదికి 1.44 లక్షల వడ్డీ కడుతున్నారు. అయినకాడికి కాకుండా, నలుగురిని అడిగి ధర తెలుసుకుని అమ్మండి. అప్పు తీరితే కోర్టు ఎన్నాళ్లు పట్టినా నిలబడగలరు. సదరం ధ్రువపత్రం రాగానే మీ ఊరి సచివాలయంలో పింఛనుకు దరఖాస్తు పెట్టండి. ప్రమాదం వల్ల మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన వారికి రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15 వేల పింఛను వర్గం ఉంది.

పరిహారం వచ్చాక స్థలం కొనవద్దు. స్థలం నెలనెలా మందులు కొనిపెట్టదు. మీకు కావలసింది జీతంలా వచ్చే డబ్బు. ఇలాంటి పరిహారాల కోసమే బ్యాంకుల్లో ఒక యాన్యుటీ డిపాజిట్ పథకం ఉంది. అసలు, వడ్డీ కలిపి పదేళ్ల దాకా నెలనెలా ఖాతాలో వేస్తారు. దాని మీద అప్పు ఇవ్వరు కాబట్టి అడగడానికి వచ్చే బంధువుల నుంచి కూడా అదే రక్షణ. ఒక భాగం అందులో, ఇంకొంత పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో, పదేళ్ల తరువాతి అవసరాలకు మిగిలింది జాతీయ బ్యాంకుల దీర్ఘకాలిక డిపాజిట్లలో పెట్టండి. ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా 5 లక్షల వరకే కాబట్టి సొమ్మంతా ఒకేచోట వద్దు. చిట్టీల జోలికి వెళ్లకండి. ఇప్పుడు ఇంటికి ఆధారం మీరే, మీ పేరిట బీమా తప్పనిసరి. బ్యాంకులో ఏడాదికి 436 రూపాయలకు జీవన్ జ్యోతి జీవిత బీమా, 20 రూపాయలకు సురక్షా ప్రమాద బీమా ఈ వారమే తీసుకోండి.

మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, బావగారి మాట ఉంది, మీ వారి మాట మాత్రం లేదు. క్లెయిమ్ ఆయనది, డబ్బు రావలసింది ఆయన ఖాతాలోకే. ఈ లెక్కలన్నీ ఆయన పక్కన కూర్చుని చదివి వినిపించండి. ఏ ఊళ్లో ఎవరి ఇంట్లో ఎన్ని అడుగులు పరిచారో, ఎంత తీసుకున్నారో ఆయనకే తెలుసు. ఒక నోటు పుస్తకం, పెన్ను ఇవ్వండి. మూడేళ్ల పనుల జాబితా ఆయన చేతే రాయించండి.