ఉమ్మి, లాలాజలం, ఒత్తిడి

సందేహం: షోగ్రెన్ సిండ్రోమ్ (నోరు, కళ్లు ఎండిపోయే జబ్బు), లూపస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారి లాలాజలంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ గుర్తులను కొలిచే పరిశోధనకు తెలుగులో సమ్మతి పత్రం రాస్తున్నాం. ‘ఉమ్మి’ అనాలా, ‘లాలాజలం’ అనాలా? ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అని రాస్తే, ‘నాకు టెన్షన్లేమీ లేవమ్మా’ అంటున్నారు.
– దంతవైద్య విద్యార్థిని, గుంటూరు

సమాధానం: ‘ఉమియు’ నుంచి వచ్చింది ఉమ్మి. నోట్లోంచి బయటికి వేసినదే ఉమ్మి. పైగా ‘ఉమ్మి పరీక్ష’ అనగానే చాలామందికి టీబీ గుర్తొస్తుంది, గట్టిగా దగ్గి కళ్లె తీసి ఇస్తారు. మీకు కావలసింది అది కాదు. పత్రంలో లాలాజలం అనే ఉంచండి, బడిలో చదువుకున్న మాటే. గొట్టం చేతికిచ్చేటప్పుడు మాత్రం ‘ఉమ్మండి’ అనకండి. ఆవకాయ పేరెత్తితే నోట్లో ఊరేవి మనకు ‘నీళ్లే’ కదా! ‘నోట్లో ఊరిన నీళ్లను తల వంచి ఇందులోకి జారనివ్వండి’ అంటే సరిపోతుంది.

షోగ్రెన్‌లో ఆ నీళ్లే కరువు. ఊరించే ప్రయత్నమేదీ చేయకుండా కొలిచినప్పుడు నిమిషానికి 0.1 మిల్లీలీటరు, అంతకన్నా తక్కువ రావడం ఆ జబ్బును గుర్తించే ప్రమాణాల్లో ఒకటి. దీన్ని అడగడానికి సంస్కృత సమాసాలెందుకు? ‘నోరు పిడచకట్టుకుపోతోందా? నీళ్లు తాగితే తప్ప ముద్ద దిగడం లేదా?’ అని అడగండి. మన అమ్మమ్మల మాటలో రోగలక్షణం ఇంత కచ్చితంగా ఉంది.

అసలు చిక్కు ‘ఒత్తిడి’తోనే. 1985లో జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ నిర్వచించిన ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’కు మనసుతో పని లేదు. చురుకైన ఆక్సిజన్ రూపాలు కణాల్లో పెరిగిపోయి, వాటిని అణిచే శక్తి చాలనప్పుడు కణపొరల్లోని కొవ్వులు, ప్రోటీన్లు, డీఎన్ఏ దెబ్బతింటాయి. ఇలాంటి పరిశోధనల్లో గుర్తుగా కొలిచే మాలోన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థం అలా కొవ్వులు చెడినప్పుడు పుట్టేదే. పాత నూనె కంపు కొట్టడం వెనకా ఇలాంటి రసాయన చర్యే ఉంది. అందుకని నేనైతే ‘ఆక్సీకరణ తాకిడి’ అంటాను. తాకిడి అంటే దెబ్బే తప్ప దిగులు కాదు. మీ గైడు పాత పదమే ఉండాలంటే, ‘ఇది మానసిక ఒత్తిడి కాదు’ అన్న వాక్యం పక్కనే చేర్చండి.

మార్కర్‌కు ‘సూచిక’ చాలు. ‘వ్యాధిని నిర్ధారించే సూచిక’ అని మాత్రం రాయకండి, చిగుళ్ల జబ్బు ఉన్నా మాలోన్‌డైఆల్డిహైడ్ పెరుగుతుంది. కనెక్టివ్ టిష్యూ అనాల్సి వస్తే ‘సంయోజక కణజాలం’ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే, వాడుకోండి. ఆటోఇమ్యూన్ జబ్బుకు ‘స్వయం ప్రతిరక్షక వ్యాధి’ అన్నచోట ‘ఒంటిని కాపాడే వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు’ అని విప్పి చెప్పండి. లేకపోతే ‘స్వయం’ చూసి, తన తప్పువల్లే జబ్బు వచ్చిందని రోగి అనుకునే ప్రమాదముంది.