కాఫీని తిట్టేవాళ్లు సీసా మీది చీటీ చదవరు

రోజూ కాఫీ తాగడం ఎక్కువ చేటా, కూల్ డ్రింకు తాగడం ఎక్కువ చేటా అని అడిగారు. నన్నడిగితే ఈ రెంటినీ ఒకే గాటన కట్టడమే కాఫీకి అవమానం. కాఫీలో ఎంత చక్కెర వేసుకోవాలన్నది మన చేతిలో ఉంటుంది. కూల్ డ్రింకులో ఎవరో ముందే కలిపేసి మూత బిగించారు.

మా బావగారికి కాఫీ అంటే పడదు. "వేడి చేస్తుంది, నరాలు బలహీనపడతాయి" అంటూ ఎవరింటికి వెళ్లినా ఉపన్యాసమే. పోయిన వేసవిలో అక్కయ్యతో కలిసి విజయవాడలో మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ అప్పుడే డికాషన్ దించింది. ఆ వాసనకే ముఖం చిట్లించి, మా అబ్బాయి చేతికి డబ్బులిచ్చి ముప్పావు లీటరు కోలా సీసా తెప్పించుకున్నారు. నాకు ఒళ్లు మండింది. సీసా మీది చీటీ చదివాను: వంద మిల్లీలీటర్లకు చక్కెర 10.6 గ్రాములు. వంటింట్లోంచి చిన్న కాటా తెచ్చి, ఆయన ఎదుటే దాని మీద గిన్నె పెట్టి చక్కెర వేయడం మొదలుపెట్టాను. వేస్తున్నాను, వేస్తూనే ఉన్నాను. "ఏమిట్రా, పాయసం కాస్తున్నావా?" అంది అక్కయ్య. 80 గ్రాముల దగ్గర ఆపి, "బావగారూ, మీ సీసాలో ఉన్నది ఇదీ" అంటూ గిన్నె ముందుకు జరిపాను. "గ్యాసు నింపిన నీళ్లే అనుకున్నానోయ్" అన్నారు. అంటూనే మిగిలిన సగమూ తాగేశారు, అది వేరే సంగతి.

పెద్దవాళ్లకు ఇలా విడిగా కలిపిన చక్కెర రోజుకు దాదాపు 50 గ్రాములు మించకూడదని, 25కు తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నా కాఫీలో పడేది ఒక చెంచా, అంటే నాలుగైదు గ్రాములు. ఆఫీసుల్లో మీట నొక్కితే కారే కాఫీని మాత్రం నా లెక్కలో కలపకండి. చాలాచోట్ల అందులో చక్కెర ముందే కలిసి ఉంటుంది. అది కాఫీ రంగు వేసుకున్న కూల్ డ్రింకే.

కాఫీ మీద నేను ఒప్పుకునే ఫిర్యాదులు కొన్నే. సాయంత్రం పొద్దుపోయాక తాగితే నిద్ర పట్టదు. భోజనం మీద తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. అందుకే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత కాఫీ, టీ వద్దంది. రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటవద్దని కూడా అంది. క్యాన్సర్ పేరు చెప్పి భయపెట్టేవాళ్లు పాత కబురు పట్టుకుని వేలాడుతున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లోనే కాఫీని అనుమానితుల జాబితాలోంచి తీసేసింది. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకు ముప్పు ఉండవచ్చంది, అంతే. కాబట్టి ఊదుకుని తాగండి.

చక్కెర లేని రకం తాగుతున్నాం కదా అనేవాళ్లూ ఉన్నారు. చక్కెర పోయింది సరే, ఫాస్ఫారిక్ ఆమ్లం ఎక్కడికి పోయింది? కాఫీ కంటే కోలా పులుపు ఎన్నో రెట్లు ఎక్కువ, పళ్ల మీది ఎనామిల్‌కు ఆ సంగతి బాగా తెలుసు.

నాకు అసలు మంట ఎక్కడంటే, చిన్నపిల్ల గుక్కెడు కాఫీ అడిగితే కళ్లెర్రజేసే ఇళ్లలోనే పుట్టినరోజునాడు రెండు లీటర్ల సీసాలు వరసగా నిలబెడతారు. పెళ్లిళ్లయితే చెప్పక్కర్లేదు. జిలేబీ, పాయసం తిని లేచినవాడి చేతిలో మళ్లీ కూల్ డ్రింకు గ్లాసు పెడతారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. మే నెల ముహూర్తానికి అల్లం, కరివేపాకు వేసి పలచటి మజ్జిగ పోసే వంటవాళ్లు బెజవాడ చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి. మా అమ్మాయి పెళ్లి కుదిరేలా ఉంది.