గట్టు మీద కూర్చుని బొమ్మ వేస్తే…

పోయిన నెల ఈ శీర్షికలో ఆరుబయట బొమ్మలు వేయడం గురించి నాలుగు మాటలు రాశాను. రంగుల పెట్టె, అట్ట, నీళ్ళ సీసా పట్టుకుని గోదావరి గట్టుకో, పొలానికో, పూలతోటకో వెళ్ళి అక్కడే కూర్చుని వేయమన్నాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకుంటున్నాను.

ఇంట్లో ఫోటో చూసి వేస్తే బాగానే వస్తుందండీ. బయటికి వెళ్తే పెన్సిల్‌తో గీసేలోపే ఎండ మారిపోతుంది, నీడలు జరిగిపోతాయి. సగం బొమ్మ అయ్యేసరికి ఎదురుగా ఉన్నది వేరే దృశ్యం. ఏం చేయాలి? (రిటైరైన టీచర్, తణుకు)

మాస్టారూ, ఇది అందరికీ వచ్చే కష్టమే. నేను రాజమండ్రిలో మొదలుపెట్టిన రోజుల్లో ఒక పడవ బొమ్మ వేశాను. ఉదయం ఏడింటికి రేవు దగ్గర కూర్చున్నాను, ఎదురుగా నది, వెనక ఎండ. ఒడ్డున కట్టేసిన పడవ నీడ నీళ్ళ వైపు పొడుగ్గా పడి ఉంది. చాలా ఇష్టంగా వేశాను. పడవ, మెట్లు, నీళ్ళు అన్నీ అయ్యాక పక్కన ఇసకలో పాతిన గెడ ఒకటి మిగిలింది. అది వేసేసరికి పదైంది. అప్పటికి నీడలన్నీ పొట్టివై నా కుడిచేతి వైపుకి తిరిగాయి. నేను అది గమనించనే లేదు, కనిపించినట్టు గెడ నీడ వేసేశాను. సాయంత్రం మా గురువుగారు చూసి ఒక్కటే అడిగారు, "ఈ పడవకి ఎండ ఎటునుంచి వస్తోందమ్మా, ఆ గెడకి ఎటునుంచి?" అని. ఆ ప్రశ్న ఇన్నేళ్ళైనా ప్రతి బొమ్మ ముందూ గుర్తొస్తుంది.

అప్పటినుంచి నేను చేసేది ఇది. కూర్చోగానే రంగులు తీయను. ఒక పది నిమిషాలు ఊరికే చూస్తాను, కళ్ళు సగం మూసి చూస్తే చిన్న చిన్న వివరాలు పోయి వెలుగు ముక్కలు, నీడ ముక్కలు మాత్రమే మిగులుతాయి. తర్వాత పెన్సిల్‌తో పెద్ద ఆకారాలు నాలుగైదు, అంతే. ఆ వెంటనే, ఏ రంగూ వేయకముందే, పల్చటి నీలం బూడిద రంగుతో నీడలన్నీ ఒక్కసారే వేసేస్తాను. ఇక ఎండ ఎటు జరిగినా ఆ నీడల్ని ముట్టుకోను. అక్కడినుంచి గంటన్నర నాది, ఆ తర్వాత పెట్టె మూసేయాలి. మిగిలితే మర్నాడు అదే టైమ్‌కి, అదే రాయి మీద కూర్చోవాలి. ఫ్రాన్స్‌లో క్లాడ్ మోనే 1890, 91లో గడ్డివాములు వేసినప్పుడు ఒకే బొమ్మ మీద పొద్దంతా కూర్చోలేదు, చాలా కాన్వాసులు పెట్టుకుని వెలుగు మారగానే ఒకటి తీసి ఇంకొకటి అందుకునేవాడు. మనకి అన్ని కాన్వాసులు అక్కర్లేదు. రెండు పోస్టుకార్డులంత కాగితం చాలు. మాస్టారూ, మొదట్లో పెద్ద కాగితం తీసుకెళ్ళకండి, ముఖ్యంగా అదే చెప్పాలనుకున్నాను. చిన్న కాగితమైతే ఎండ మారేలోపు పూర్తవుతుంది, పూర్తయితే ఉత్సాహం వస్తుంది, మర్నాడు మళ్ళీ వెళ్తారు.

నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి చెరువు దగ్గర కూర్చుని వేద్దామంటే పది మంది వెనక నిలబడతారు. చేయి వణుకుతుంది, చాలా టెన్షన్‌గా ఉంటుంది. మీకెప్పుడూ ఇలా లేదా అక్కా? (విద్యార్థిని, జనగామ)

ఎందుకు లేదమ్మా. మొదటి రెండేళ్ళూ తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళేదాన్ని, వాడు పక్కన కూర్చుని పరీక్షలకి చదువుకునేవాడు. నువ్వు కూడా స్నేహితురాలినో ఇంట్లోవాళ్ళనో తోడు తీసుకెళ్ళు, మనకి తెలియని చోటికి ఒంటరిగా వెళ్ళొద్దు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంకొకటి, గోడకో చెట్టుకో వీపు ఆనించి కూర్చో. వెనక నిలబడే చోటు లేకపోతే చూసేవాళ్ళు ఎదురుగానో పక్కనో నిలబడతారు, అప్పుడు వాళ్ళ ముఖాలు నీకు కనిపిస్తాయి, సగం భయం అక్కడే పోతుంది.

కానీ చూసేవాళ్ళని పూర్తిగా వదిలించుకోవాలని మాత్రం అనుకోకు. మీ వైపు జరిగినదే చెప్తాను. ఒక ఫాల్గుణ మాసంలో వరంగల్ నుంచి ములుగు వెళ్ళే దారిలో మోదుగు చెట్లు విరగబూసి ఉంటే బండి ఆపి కూర్చున్నాను. ఆ ఎరుపు చూస్తే ఎవరికైనా చేయి ఆగదు. గబగబా వేసేస్తున్నాను. మేకల్ని తోలుకుంటూ ఒక పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు, పదేళ్ళుంటాయేమో. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అక్కా, మోదుగుకు ఇప్పుడు ఆకులెక్కడియి?" అన్నాడు. తలెత్తి చూశాను. చెట్టుకి ఒక్క ఆకు లేదు! నేనేమో పూల మధ్య అక్కడక్కడా పచ్చగా ఆకులు దిద్దుకుంటూ పోతున్నాను. చెట్టంటే ఆకులుంటాయని చేతికి అలవాటైపోయింది, కన్ను చూడటం మానేసింది. ఆ పిల్లవాడు దగ్గరికొచ్చి ఒక పువ్వు తెంపి అరచేతిలో పెట్టాడు. అప్పుడు సరిగ్గా చూశాను, చిలక ముక్కులా వంగిన ఆ రేక, దాని మొదట్లో నల్లటి మఖమల్ లాంటి తొడిమ గిన్నె. దూరం నుంచి చూస్తే ఆ చెట్టు అంతగా మండినట్టు కనిపించడానికి కారణం ఆ నలుపే. ఎరుపు పక్కన ఆ ముదురు చుక్కలు లేకపోతే అది ఉత్త నారింజ మబ్బు. సంస్కృతంలో మోదుగుని కింశుకం అంటారు, "ఇది చిలకా ఏమిటి" అని అడిగినట్టున్న పేరు. పుస్తకంలో ఎప్పుడో చదివాను, అర్థమైంది మాత్రం ఆ రోజే.

ఆరుబయట కూర్చోవడం వల్ల లాభం ఇదేనమ్మా. మనకి తెలిసింది కాకుండా ఎదురుగా ఉన్నది వేయడం మొదలవుతుంది. వెనక నిలబడే మనిషికి ఆ చెట్టు, ఆ చెరువు మనకన్నా బాగా తెలుసు. ఏదైనా అంటే విను.

పూలు వేయడం మొదలుపెట్టాను. వేస్తుండగానే వాడిపోతున్నాయి. పైగా మల్లె, నందివర్ధనం లాంటి తెల్ల పూలు కాగితం మీద కనిపించనే కనిపించవు. (గృహిణి, కడియం దగ్గర పల్లె)

కడియం పక్కన ఉండి పూల గురించి నన్ను అడుగుతున్నారు, మీ నర్సరీల్లో తిరిగి నేను నేర్చుకున్నదే మీకు మళ్ళీ చెప్తాను.

మొదట పువ్వుని కోయకండి. మొక్కనే ఉండనిచ్చి మీరే పీట వేసుకుని దాని దగ్గరికి వెళ్ళండి. కోసి గ్లాసులో పెడితే కాడ వంపు పోతుంది, పువ్వు ఎటు చూస్తోందో ఆ చూపు పోతుంది. ఇక ఒక్కో పువ్వుకి ఒక్కో వేళ ఉంది. తామర పొద్దున్నే విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది, కాబట్టి చెరువు దగ్గరికి ఎనిమిదింటికి వెళ్తే లాభం లేదు, ఆరున్నరకి అక్కడ ఉండాలి. మందారం ఒక్కరోజు పువ్వు. చంద్రకాంత సాయంత్రం గానీ విచ్చుకోదు. పారిజాతమైతే తెల్లవారేసరికి నేల మీదే ఉంటుంది, దాన్ని చెట్టు మీద కన్నా నేల మీద పడ్డట్టు వేస్తేనే అందం. ఒకే మొక్క మీద మూడు నాలుగు పూలుంటే ముందు అప్పుడే విచ్చుకుంటున్నది వేయండి, అదే ముందుగా మారిపోయేది. మొగ్గలు, ఆకులు తీరిగ్గా వేసుకోవచ్చు, అవెక్కడికీ పోవు.

తెల్ల పూల సంగతి. నీటి రంగుల్లో తెల్ల పువ్వుని అసలు వేయమండీ. దాని వెనకున్న ఆకుని వేస్తాం. నందివర్ధనం రేకుల అంచు వెంబడి ముదురాకుపచ్చ పూసుకుంటూ వెళ్ళండి, కాగితం తెలుపే పువ్వవుతుంది. ఆ తెలుపులోనూ నీడ ఉంటుంది, కానీ అది బూడిద రంగు కాదు. పైన ఆకాశం ఉంటే కొంచెం నీలం, కింద ఆకుంటే కొంచెం పచ్చ, పక్కన ఎర్రటి ఇటుక గోడ ఉంటే కొంచెం గులాబీ. బ్రష్ నిండా నీళ్ళలో ఒక్క చుక్క రంగు, అంతకంటే వద్దు. తంగేడు, బంతి లాంటి పసుపు పూలకి నీడ కోసం నలుపు మాత్రం కలపకండి, పసుపులో నలుపు పడగానే పాచి పట్టినట్టు పచ్చబడుతుంది. పసుపుకి గోధుమ ఎరుపు, బంతికైతే కుంకుమ ఎరుపు కలపండి.

ఇంకొక హెచ్చరిక. కాగితం పూలు, గన్నేరు చూడగానే అందరూ ఓపెరా రోజ్ అనే మిరుమిట్లు గొలిపే గులాబీ రంగు ట్యూబ్ అందుకుంటారు. నేనూ అందుకున్నాను. కాగితం పూల పందిరి ఒకటి వేసి ఫ్రేమ్ కట్టించి కిటికీకి ఎదురుగా పెడితే మూడేళ్ళలో పూలన్నీ వెలిసిపోయి ఆకులు మిగిలాయి. ఆ రంగు వెలుతురుకి నిలవదు, పాతకాలం అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురెరుపు కూడా అంతే. కొనేముందు ట్యూబ్ మీద వెలుతురుకి ఎంత నిలుస్తుందో చెప్పే గుర్తులుంటాయి, చూసుకోండి. క్వినాక్రిడోన్ రోజ్ అని అడిగితే దొరుకుతుంది, కొంచెం ఖరీదు ఎక్కువే అయినా నిలుస్తుంది.

కోనసీమ వెళ్ళి పొలాలు, కొబ్బరి తోటలు వేశాను. అంతా ఒకటే పచ్చ, ప్లాస్టిక్ చాపలా వచ్చింది. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

ట్యూబులో పచ్చ నేరుగా వాడారు కదూ? దాన్ని ఇంట్లో పెట్టేసి వెళ్ళండి. అల్ట్రామెరీన్ నీలం, లెమన్ ఎల్లో, ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియన్నా (ఎర్రమట్టి గోధుమ), ఈ నాలుగూ చాలు. నారుమడి పచ్చలో నిమ్మపసుపే ఎక్కువ. నాటి నెలైన చేనులో నీలం కలుస్తుంది. చేను ఈని గింజ పట్టే వేళకి ఆకర్ వచ్చి చేరుతుంది. రైతు చేను రంగు చూసే దాని వయసు చెప్తాడు, మన బొమ్మ చూసి కూడా చెప్పగలగాలి.

కొబ్బరాకు ఎండలో చాలాచోట్ల పచ్చగా ఉండనే ఉండదు. ఆకు నున్నగా మెరుస్తుంది కాబట్టి పైన ఆకాశం దాని మీద పడి లేత నీలంగా, తెల్లగా కనిపిస్తుంది. అదే ఆకు వెనక నుంచి ఎండ వస్తుంటే పసుపు పచ్చగా వెలుగుతుంది. చెట్టు కింద నిలబడి పైకి ఒకసారి, దూరంగా వెళ్ళి ఒకసారి చూడండి. దూరంగా ఉన్న తోటల్లో పచ్చకంటే నీలమే ఎక్కువ. ఈ మూడూ విడిగా వేస్తే చాప విడిపోతుంది.

ఏమేం తీసుకెళ్ళాలి? గొడుగు అవసరమా? (చాలామంది)

300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపాటి కాగితం, వీలైతే కాటన్‌ది. పల్చటిది తడవగానే అలలు తిరుగుతుంది. రెండు బ్రష్‌లు, ఒకటి పెద్దది, ఒకటి మొన ఉన్నది. పాత చీర ముక్క. తాగే నీళ్ళు వేరే, బ్రష్ నీళ్ళు వేరే సీసాలో.

గొడుగు తప్పకుండా కావాలి, కానీ ఎర్రదో నీలందో వద్దు, ఆ రంగు కాగితం మీద పడి మన కళ్ళని మోసం చేస్తుంది. తెల్లది గానీ నల్లది గానీ తీసుకోండి. కాగితాన్ని నేరుగా ఎండలో పెట్టి వేస్తే కళ్ళు బైర్లు కమ్మి ఉన్నదానికన్నా ముదురుగా వేసేస్తాం, ఇంటికొచ్చి చూసుకుంటే బొమ్మంతా చీకటి. వేసవిలో పదింటికే రంగు బ్రష్ మీదే ఆరిపోతుంది, ముందు కాగితాన్ని శుభ్రమైన నీళ్ళతో తడిపి మొదలుపెట్టండి. ఉరుములు మొదలైతే మాత్రం ఎంత మంచి బొమ్మయినా వదిలేసి లేవండి. ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ 1906 అక్టోబరులో పొలంలో బొమ్మ వేస్తూ గాలివానలో చిక్కుకున్నాడు, కొద్ది రోజులకే పోయాడు.

మన తెలుగువాళ్ళలో ఇలా ప్రకృతిని వేసినవాళ్ళ అసలు బొమ్మలు ఎక్కడ చూడొచ్చు? (పాఠకుడు, ఖమ్మం)

ముందు రాజమండ్రి రండి. దామెర్ల రామారావు గారి పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లో, ఇరవై ఏడేళ్ళకే మశూచితో పోయారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో ఉన్నది గుర్తించి ప్రోత్సహించారు, తర్వాత రామారావు గారు బొంబాయిలో జేజే స్కూల్ అనే చిత్రకళా పాఠశాలలో చదివారు. ఎక్కువమంది పుష్పాలంకరణ లాంటి బొమ్మల దగ్గర నిలబడతారు, అవి గొప్పవే. మీరు ప్రకృతి బొమ్మల కోసం వస్తున్నారు కాబట్టి దృశ్యచిత్రాల ముందు కూడా తీరిగ్గా నిలబడండి. చూశాక సాయంత్రం అక్కడినుంచి గోదావరి గట్టుకి నడిచి వెళ్ళి నీళ్ళు చూడండి. నేను ఎన్నిసార్లు అలా వెళ్ళానో లెక్కలేదు.

అరకులో వలిసె పూలు వేయాలని ఉంది. ఎప్పుడు వెళ్ళాలి? (అక్కాచెల్లెళ్ళు, విశాఖపట్నం)

నవంబరులో వెళ్ళండి. కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. పొద్దున్నే మంచు ఉంటుంది కాబట్టి రంగు ఆరదు. నేను ఆకాశం వేసి, ఆరిందనుకుని కింద పసుపు పెడితే అది మెల్లగా పైకి పాకి కొండలో కలిసిపోయింది, ఆ కాగితం పనికిరాలేదు. ఎనిమిదిన్నర దాటి మంచు విడిచాక మొదలుపెట్టండి, లేదా ఆ చలిలో పెన్సిల్‌తోనే సరిపెట్టుకోండి.

వలిసెలు నూనె గింజల పంట, అక్కడి గిరిజన రైతుల కష్టం. ఫోటోల కోసం జనం చేలో దిగి తొక్కేస్తుంటే చూడలేకపోయాను. పొలం ఎవరిదో కనుక్కుని, అడిగి, గట్టు మీదే కూర్చోండి. చేలో దిగితే నాలుగు పూలే కనిపిస్తాయి, గట్టు మీదనుంచైతే కొండ దాకా కనిపిస్తుంది. బొమ్మ అయ్యాక ఆ రైతుకి చూపించి రండి.