కాగితం పేరు పెట్టి అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఊరి సీసీ రోడ్డు లెక్క అడిగితే ఆఫీసులో ఎవరూ నోరు మెదపడం లేదని రాశావు. నోటితో అడగడం మానెయ్యి నాయనా. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెట్టు.

"రోడ్డు ఎందుకు నాసిరకంగా వేశారు?" అని మాత్రం రాయకు. ఎందుకో చెప్పాల్సిన పని అధికారికి లేదు, ఆఫీసులో ఉన్న కాగితం ఇస్తే చాలు. అందుకే కాగితాన్నే పేరు పెట్టి అడుగు: మంజూరు ఉత్తర్వు, ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో ఒప్పందం, ఎం-బుక్ (కొలతల పుస్తకం) పేజీలు, ఫైనల్ బిల్లు. వీటిలో ప్రాణం ఎం-బుక్కే. ఇంజనీరు కొలిచిన పొడవు, వెడల్పు, మందం అందులోనే ఉంటాయి, బిల్లు దాన్నిబట్టే పాసవుతుంది. ఎస్టిమేటులో మందం ఎంత, ఎం-బుక్‌లో ఎంత, రోడ్డు అంచున టేపు పెడితే ఎంత, మూడూ పక్కపక్కన రాసుకో. సెక్షన్ 2(జె) కింద పనిని తనిఖీ చెయ్యొచ్చు, ధ్రువీకరించిన నమూనా కూడా తీసుకోవచ్చు. ఈ హక్కు వాడేవాళ్ళు తక్కువ. నువ్వు దరఖాస్తులోనే రాయి.

ఊరి స్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. కారణం చెప్పమంటే చెప్పొద్దు, చట్టం అడగదు.

పని 2022 ఏప్రిల్‌కు ముందుదైతే, మీ తిరుపతి జిల్లా అప్పటికి చిత్తూరు నుంచి విడిపోలేదు కాబట్టి, ఫైలు చిత్తూరులోనే ఉండిపోయి ఉండొచ్చు. "మా దగ్గర లేదు" అంటే ఊరుకోకు. సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వాళ్ళే సరైన ఆఫీసుకు పంపాలి.

"విచారణలో ఉంది" అన్నది పాత సాకు. ఇస్తే విచారణకు ఎలా అడ్డమో వాళ్ళే రాసి చూపాలి. వ్యక్తిగత సమాచారం పేరుతో తిరస్కరించే వీలు ఈమధ్య సవరణతో ఇంకా పెరిగింది. కాబట్టి ఎవరి జీతమో, ఎవరి ఫోన్ నంబరో అడిగి తలుపు నువ్వే మూసుకోకు. రోడ్డు మందంలో వ్యక్తిగతం ఏముంటుంది? ఒక పేజీలో ఇవ్వకూడనిది ఉన్నా, సెక్షన్ 10 ప్రకారం దాన్ని తీసేసి మిగతాది ఇవ్వాలి.

చాలామంది వదిలేసేది ఇక్కడే: 30 రోజులు మౌనంగా ఉంటే అది తిరస్కరణ కిందే లెక్క. ఆ తరువాత 30 రోజుల్లోగా అదే శాఖ పై అధికారికి మొదటి అప్పీలు పెట్టు. ఆయన 30 రోజుల్లో, మహా అయితే 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు వెళ్ళాలి. తగిన కారణం లేకుండా ఆలస్యం చేస్తే అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 వరకు జరిమానా పడుతుంది, కమిషన్‌కు పెట్టే అప్పీలులో ఆ మాట అడిగి తీరు. గడువు దాటాక కాపీలకు డబ్బు కట్టమన్నా కట్టకు, ఉచితంగా ఇవ్వాలి.

దరఖాస్తును స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపు. తేదీ ముద్ర కనబడేలా జెరాక్సు తీసి పెట్టుకో, అప్పీలుకు అదే ఆధారం.

మీ పెదనాన్న