పొలం వెంచర్‌కి ఇవ్వాలా? మా మూడెకరాల అనుభవం

కంకిపాడు దగ్గర మీ రెండున్నర ఎకరాలు గేటెడ్ వెంచర్‌కి, అంటే పొలం తీసుకుని లేఅవుట్ వేసి బదులుగా కొన్ని ప్లాట్లు ఇచ్చే పద్ధతిలో, అడుగుతున్నారని, అన్నదమ్ములిద్దరికీ ఇవ్వాలని ఉన్నా నాన్నగారు ఒప్పుకోవడం లేదని రాశారు. పొలం కౌలుకి ఉందని, ప్రస్తుతం మినుము వేసి ఉందని కూడా అన్నారు. 2016లో మా ఇంట్లో ఇదే చర్చ ఆరు నెలలు నడిచింది. మాది నంబూరు, కాజ వైపు, గుంటూరు ఛానల్ కింద మూడెకరాల నల్లరేగడి. వరి కోశాక మినుము, కొన్నేళ్లు మొక్కజొన్న.

ఇవ్వండి, ఇవ్వొద్దు అని నేను చెప్పలేనండీ. అయితే సంతకం పెట్టిన రోజుకీ ప్లాట్లు మీ పేరున రిజిస్టర్ అయ్యే రోజుకీ మధ్య ఎన్నేళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో మీ ఇంటికి ఏం వస్తుంది అన్నది ముందు తేల్చుకోండి. మాకు ఏడేళ్లు పట్టింది.

2014 సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని ప్రకటించారు. ఆ తర్వాత 29 గ్రామాల్లో, ప్రభుత్వానికి పొలం ఇచ్చి బదులుగా ప్లాట్లు తీసుకునే ల్యాండ్ పూలింగ్‌కి రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మా ఊరు అందులో లేదు. కానీ హైవే పక్కన కాబట్టి ధరలు ఒక్కసారిగా లేచాయి, చుట్టూ పొలాలు ఒక్కొక్కటే వెంచర్లయ్యాయి. నాన్న చివరిదాకా వద్దన్నారు. చివరికి ఆయన్ని ఒప్పించింది డబ్బు కాదు, నీళ్లు. పై పొలం వెంచర్‌లో కలిసి మూడడుగులు మెరక అయ్యేసరికి మా బోదె పూడిపోయింది. వాన పడితే వాళ్ల నీళ్లు మా మడిలో నిలిచేవి, కావలసినప్పుడు ఛానల్ నీళ్లు అందేవి కావు. మీ పొలానికి పైన, కింద ఎవరు అమ్మారో, కాలువ ఎటు నుంచి వస్తుందో ఒకసారి నడిచి చూడండి. నాన్నగారి మాటలో ఎంత బలం ఉందో అక్కడే తెలుస్తుంది.

వెంచర్ కంపెనీ వాళ్లు మాకు ఎకరాకు 1,400 గజాలు ఇస్తామన్నారు. ఎకరం 4,840 గజాలు. రోడ్లకు పోయేది, పార్కుకి వదలాల్సిన 10 శాతం తీసేస్తే అమ్మకానికి మిగిలేది 2,700, 2,800 గజాలే. అంటే సగం సగం. ఈ లెక్క సరిగ్గానే ఉందని సంతోషపడి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ మీద, అంటే మా తరఫున లావాదేవీలు చేసే అధికారం కూడా కంపెనీకి ఇచ్చే ఒప్పందం మీద, సంతకాలు పెట్టాం. పొరపాటు అక్కడే జరిగింది. ఎన్ని గజాలో రాయించాం గానీ ఏ ప్లాట్లో రాయించలేదు. లేఅవుట్ అప్రూవల్ వచ్చాక సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో (అదనపు ఒప్పందంలో) నంబర్లు వేసుకుందాం అన్నారు, నమ్మాం. తీరా చూస్తే తూర్పు ఫేసింగ్ బిట్లు, కార్నర్లు, పార్కు ఎదురువి కంపెనీ వైపు, మురుగు కాలువ గట్టు వెంట ఉన్న వరస మొత్తం మా వైపు పడ్డాయి.

గడువు 24 నెలలు అని రాసుంది. గడువు దాటితే ఏం చేయాలో ఎక్కడా లేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఇటువైపు కొనేవాళ్లు కరువయ్యారు, కంపెనీ పని ఆపేసింది. వేసిన గ్రావెల్ మీద సర్కారు తుమ్మ మొలిచింది. నాన్న రోజూ పొద్దున్నే సైకిల్ మీద వెళ్లి, గట్టు ఉండే చోట కాసేపు నిలబడి వచ్చేవారు. ఆయన పుట్టాక మొదటిసారి మా ఇంట్లో బియ్యం కొట్టు నుంచి కొన్నాం. ఆ రోజు ఆయన అన్నం కలుపుకుని, రెండు ముద్దలు తిని లేచిపోయారు.

ఆఖరికి వేరే లాయర్‌ని పెట్టుకుని, 200 గజాలు వదులుకుని, వరస మార్పించుకుని, 2023లో మా ప్లాట్లు రిజిస్టర్ చేయించుకున్నాం. 2024 తర్వాత ధరలు మళ్లీ పెరిగాయి. డబ్బు లెక్కలో మేం నష్టపోలేదు, ఆ మాట దాచను.

కాబట్టి మీరు ఇచ్చేటట్టయితే, లేఅవుట్ స్కెచ్ మీద మీ వాటా ప్లాట్లకు రంగు వేయించి, దాని మీద ఇరుపక్షాలూ సంతకాలు పెట్టి, అగ్రిమెంట్‌తో పాటే రిజిస్టర్ చేయించండి. ప్లాట్లు చేతికొచ్చే వరకు ఏటా ఎకరాకు ఇంత కౌలు ఇస్తామని రాయించండి. పూలింగ్ రైతులకు ప్రభుత్వమే పదేళ్ల కౌలు ఒప్పుకుంది, ఎకరాకు ఏడాదికి మెట్టకు 30 వేలు, జరీబుకు (నది పక్క సారవంతమైన భూమికి) 50 వేలతో మొదలుపెట్టి. ప్రైవేటు వాళ్లను అడగడంలో మొహమాటం దేనికి? మేం అడగనే లేదు. అప్రూవల్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఎవరి ఖర్చో, ఎన్ని నెలల్లో తేవాలో, తేలేకపోతే జీపీఏ రద్దు చేసుకునే హక్కు మీకు ఉందో లేదో కూడా అందులో ఉండాలి.

మీకు మేనత్తలు గానీ, అక్కచెల్లెళ్లు గానీ ఉన్నారేమో మీరు రాయలేదు. ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లలకు వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, 2005లో కేంద్ర చట్టమూ మారింది. మా చిన్న మేనత్త సంతకం ‘తర్వాత చూద్దాం’ అనుకున్నందుకు బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో మా ప్లాట్లు నాలుగు నెలలు ఆగాయి. ఆవిడ డబ్బు అడగలేదు. ఎవరూ వచ్చి తనను అడగలేదన్నదే ఆవిడ బాధ. మీరు కాగితంతో కాకుండా పసుపు కుంకుమలతో వెళ్లండి, ముందే వెళ్లండి.

పన్ను సంగతి ఆడిటర్‌ని అడగండి. దగ్గర్లోని మున్సిపాలిటీ జనాభాను బట్టి దాని హద్దు నుంచి 2, 6, 8 కిలోమీటర్లు దాటిన వ్యవసాయ భూమికే క్యాపిటల్ గెయిన్స్ (అమ్మిన లాభం మీద పన్ను) ఉండదు. విజయవాడ హద్దు నుంచి మీకు ఎంత దూరమో తేల్చుకోండి. పొలాన్ని వ్యవసాయేతరంగా మార్చాక లెక్క వేరుగా ఉంటుంది.

ఇప్పుడు మేం ఒక ప్లాట్‌లో ఇల్లు కట్టుకుని అక్కడే ఉంటున్నాం. పెరట్లో నాన్న సొరపాదు పెట్టారు. ఎర్ర గ్రావెల్‌లో అది బతకలేదు. పక్క ఊరి నుంచి ఒక ట్రక్కు నల్లమట్టి కొని తెచ్చి పోశాం.

ఇంకొక్కటి, మీ కౌలు రైతు గురించి. మా పొలంలోకి టిప్పర్లు వచ్చింది సంక్రాంతి వెళ్లిన మూడో వారం. మినుము కాయ గట్టిపడుతోంది, ఇంకో ఇరవై రోజులు ఆగితే చేతికొచ్చేది. మేం తేదీ రాయించలేదు కాబట్టి ఆపలేకపోయాం. మా కౌలు రైతు భార్య గ్రావెల్ పడబోయే సాలు ముందు వంగుని, మొక్కలు వేళ్లతో సహా పీకి కొంగులో వేసుకుంది. నాన్న ఆ ఏడాది కౌలు మొత్తం తిరిగి ఇచ్చేశారు, అయినా ఆ కౌలు రైతు తర్వాత మా గుమ్మం ఎక్కలేదు. మీ మినుము కోసి, నూర్చి, బస్తాలు ఇంటికి చేరాకే పొలంలోకి మిషన్ రావాలని అగ్రిమెంట్‌లో ఒక్క లైను వేయించండి.