కాంటాలు మొదలయ్యే ముందు అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ఈ యాసంగి నుంచి వడ్ల కొనుగోలు సెంటర్‌లో హమాలీ ముఠా నీ చేతి కిందికి వచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కూలి లెక్కలు, లారీల వంతులు నీకు చెప్పక్కర్లేదు, వాటిలో నాకంటే నువ్వే ఘటికుడివి. మన మిర్యాలగూడ వైపు ఏప్రిల్, మే ఎండల్లో మనుషులతో బస్తాలు మోయించడం గురించి మాత్రం నాలుగు ముక్కలు రాస్తున్నాను.

వడదెబ్బ అనగానే మనవాళ్లకు చెమట ఆరిపోయి, ఒళ్లు కాలిపోతూ పడిపోయిన ముసలాయనే గుర్తొస్తాడు. బరువు పని చేసేవాడికి తగిలే దెబ్బ వేరు. పాతికేళ్ల కుర్రాడు, ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే కూలిపోతాడు. 40 కిలోల బస్తా మోస్తుంటే కండరాలే పొయ్యిలా వేడి పుట్టిస్తాయి. అది బయటికి పోయే దారి లేకపోతే ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మెదడు పట్టు తప్పుతుంది. అందుకని "చెమట పడుతోంది కదా, ఏం కాదులే" అని ఎవరన్నా నమ్మకు.

నువ్వు కనిపెట్టాల్సింది మనిషి తీరును. బస్తా ఎత్తుకున్నవాడు లారీ వైపు కాకుండా మళ్లీ వడ్ల కుప్ప వైపే నడుస్తాడు. ఎన్ని అయ్యాయని అడిగితే చెప్పిన అంకెనే మళ్లీ చెబుతాడు. నెమ్మదస్తుడు ఉన్నట్టుండి బూతులు అందుకుంటాడు, పక్కవాళ్లేమో తాగొచ్చాడని నవ్వుతారు. అక్కడికక్కడే పని ఆపించు. బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. వాడి మాట తేడాగా ఉందో లేదో నీకు అంతుపట్టదు. వాడి ఊరివాణ్నే పిలిచి మాట్లాడించు, సరిగ్గా జవాబు చెబుతున్నాడా అని అడుగు.

పిక్కలు పట్టేయడం, తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వీటితో ఆగి, మాట తిన్నగా ఉంటే ఇంకా చేయి దాటలేదన్నమాట. నీడన పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో పెట్టి, ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగించు. అరగంటలో తేరుకోకపోతే ఆస్పత్రికి తీసుకుపో. తేరుకున్నా ఆ రోజుకు మళ్లీ బస్తా ముట్టనివ్వకు.

మాట తడబడిందంటే మాత్రం క్షణం ఆలస్యం చేయొద్దు. మనవాళ్లు ముందు ఆటో కోసం పరుగెత్తుతారు. ఒకడు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు అక్కడే వాడి ఒళ్లు చల్లార్చాలి. ఆటోలో ఉడుకుతూ పోతే ఆ దారిలోనే మెదడు, కిడ్నీలు, లివర్ దెబ్బతింటాయి. ఆ మొదటి అరగంటే అసలు వైద్యం. చొక్కా విప్పి, గోలెంలో నీళ్లుంటే మెడదాకా కూర్చోబెట్టు. తల మునగకుండా ఒకడు చంకల కింద చేతులు వేసి పట్టుకునే ఉండాలి. గోలెం లేకపోతే బోరు పైపు పట్టు. అయితే ఎండలో పడి ఉన్న పైపులో మొదట వచ్చే నీళ్లు సలసల కాగుతుంటాయి, అవి పోయాకే మనిషి మీదికి తిప్పు. ఒళ్లంతా తడుపుతూ అట్టముక్కలతో విసరండి. సోడా బండి దగ్గర ఐసు దొరికితే తువ్వాలలో చుట్టి మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. వాడు మళ్లీ తిన్నగా మాట్లాడేదాకా, లేదా వణుకు మొదలయ్యేదాకా ఆపొద్దు. చన్నీళ్లు పోస్తే ప్రాణం పోతుందని ఎవరో ఒక పెద్దమనిషి తప్పకుండా అడ్డుపడతాడు, వినకు. వయసు మీద పడినవాడైతే ముంచడం మాని, నీళ్లు పోస్తూ విసరడం మేలు.

మగతలో ఉన్నవాడి నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాంతి అవుతున్నా, ఫిట్స్ వచ్చినా పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టాలి గానీ చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ఏమీ ఒరగదు. జ్వరం బిళ్ల ఈ వేడి మీద పనిచేయదు. జేబులో ఉల్లిగడ్డ అంటావా, పెట్టుకుంటే పెట్టుకోనీ, దాన్ని నమ్ముకుని నీళ్లు మానేయకుంటే చాలు.

ఇక రాకుండా చూసుకోవడం. కొత్తగా వచ్చినవాడి ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు వాడికి మిగతావాళ్ల పనిలో ఐదో వంతే ఇచ్చి, రోజూ కొంచెం పెంచుకుంటూ పో. బస్తాకింత అని కూలి కాబట్టి వాడే ఒప్పుకోడు. నలుగురి కూలీ కలిపి పంచేలా ముందే మాట తీసుకో. జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గినవాడినీ, రాత్రి మందు కొట్టినవాడినీ పొద్దున్నే ఆరా తీయి. కల్లు చలువ అంటారు గానీ మత్తు మత్తే, పని ముందు వద్దు. లారీ లోపల బస్తాలు పేర్చేవాడికి గాలి ఆడదు, ఇనుము పైనుంచీ కిందనుంచీ కాలుతుంటుంది. ఆ పని ఒక్కడికే అంటగట్టకుండా మార్చుతూ ఉండు. అకాల వాన పడిన మర్నాడు ఎండ తక్కువే అనిపిస్తుంది, కానీ ఉక్కకు చెమట ఆరదు. ఆ రోజు ఇంకా ఎక్కువ కనిపెట్టి ఉండాలి.

పని పొద్దున 6 నుంచి 10:30, మళ్లీ సాయంత్రం 4 తర్వాత. మిట్టమధ్యాహ్నం లారీ వచ్చి హారన్ కొడితే కొట్టుకోనీ. వడ్లలో తేమ 17 శాతం దాటిందని మిషన్ పెట్టి ఆపేవాళ్లు, మనుషుల కోసం సాయంత్రం 4 దాకా ఆగలేరా?

ఇరవై నిమిషాలకో గ్లాసు నీళ్లు, దాహం వేసినా వేయకున్నా. మధ్యలో ఉప్పేసిన మజ్జిగో, అంబలో ఉండాలి. గంటల తరబడి ఉత్త నీళ్లే తాగితే అదో తంటా. మూత్రం ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని, టీ రంగులో ఉంటే కండరాలు దెబ్బతిన్నాయని అర్థం. టీ రంగు కనిపిస్తే నేరుగా డాక్టర్ దగ్గరికే.

ఒకసారి వడదెబ్బ తగిలినవాడు డాక్టర్ సరేనన్నాకే మళ్లీ పనిలోకి రావాలి, వారం లోపు అసలు వద్దు. వాడి అప్పులూ అవసరాలూ నీకు చెప్పుకుంటాడు, ఆ వారం మొహమాటపడకు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆశా వర్కర్ దగ్గర ఉచితంగా ఇస్తారు, కాంటా మొదలయ్యేలోపే తెచ్చిపెట్టుకో. ఒక ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. గోలెం ఒకటి మా దొడ్లో ఖాళీగానే ఉంది, ట్రాక్టర్ పంపితే ఎక్కించి పంపిస్తాను.

మీ మామ