గ్రీన్‌కార్డు పెద్దల ఇంగ్లీషు క్లాసు గురించి

హైదరాబాద్

చి. అమ్మాయికి,

కూకట్‌పల్లిలో మీ అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, అమెరికా పౌరసత్వ పరీక్ష రాయబోయే గ్రీన్‌కార్డు పెద్దలకి క్లాసు పెడతానన్నావు. మంచిదే. కానీ మనవాళ్లని దెబ్బకొట్టేది జవాబు తెలియకపోవడం కాదు, ఇంటర్వ్యూలో ఆఫీసరు ఏమడిగాడో చెవికి ఆనకపోవడం. పరీక్ష ప్రశ్నలన్నీ ఇట్టే బట్టీ పట్టేస్తారు. అదే ప్రశ్న కాస్త మార్చి అడిగితే మొహాలు చూస్తారు.

చేర్చుకునేముందు పాస్‌పోర్టు తెప్పించుకుని స్టాంపులు చూడు. మామూలు దారిలో గ్రీన్‌కార్డు వచ్చిన 5 ఏళ్లకి దరఖాస్తు చేస్తారు. ఆ అయిదేళ్లలో కనీసం 30 నెలలు అక్కడే ఉండి ఉండాలి. ఒకే విడతలో 6 నెలలు దాటి ఇక్కడ ఉండిపోతే అమెరికాలో వరుస నివాసం తెగినట్టు లెక్క, కాదని మనమే రుజువు చేసుకోవాలి. ఏడాది దాటితే ఇక తెగినట్టే. సంక్రాంతికి వచ్చి, పెళ్లిళ్లు చూసుకుని, మామిడిపళ్లు తిని, వానలు పడ్డాక బయల్దేరేవాళ్లు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. వాళ్లని లాయరు దగ్గరికి పంపు. నువ్వు మాత్రం ఎవరి పౌరసత్వ దరఖాస్తూ (ఎన్-400 ఫారం) నింపకు.

దరఖాస్తు ఎప్పుడు వేశారో కూడా అడుగు. 2025 అక్టోబరు 20 నుంచి వేసినవాళ్లకి 128 ప్రశ్నల కొత్త సివిక్స్ పరీక్ష, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి. అందులో 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు వేసినవాళ్లకి పాత 100 ప్రశ్నలే, 10 అడిగితే 6 చాలు. ఇద్దరికీ ఒకే పుస్తకం ఇచ్చావంటే ఒకరు అనవసరంగా చదువుతారు, ఇంకొకరు అవసరమైంది వదిలేస్తారు. ఇంగ్లీషు మినహాయింపు ఉందిగా అంటారు కొందరు. 55 దాటి గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్లు, లేదా 50 దాటి 20 ఏళ్లు ఉంటేనే అది. అరవై దాటాక పిల్లలు పిలిపిస్తే వెళ్లినవాళ్లకి అది అందేసరికి ఎనభై దగ్గరపడుతుంది.

ఇక క్లాసు. ఎనిమిది మందికి మించి వద్దు. గంటలో మొదటి ఇరవై నిమిషాలు పుస్తకాలు మూసేసి వినడమే. నీ ఇంగ్లీషు వాళ్లకి బాగానే అర్థమవుతుంది, అదే చిక్కు. నీదీ మన యాసేగా. అమెరికాలో పెరిగిన మనవల చేత ప్రశ్నలు చదివించి వాట్సాప్ ఆడియోలు తెప్పించు. రోజుకో గొంతు, మామూలు వేగంలో. అర్థం కాకపోతే 'ప్లీజ్ సే దట్ అగైన్' అనడం తప్పు కాదని మొదటిరోజే నేర్పు. మొహమాటానికి తలూపేస్తారు మరి. తల ఊపితే జవాబు కాదు, నోటితో చెప్పాలి.

అన్నిటికన్నా ప్రమాదం 'అవును'తో. 'మీరెప్పుడూ అరెస్టు కాలేదు కదా?' అంటే తెలుగులో 'అవును' అంటాం, కాలేదనే అర్థంలో. అదే ప్రశ్న ఇంగ్లీషులో వస్తే నోట్లోంచి 'యెస్' వచ్చేస్తుంది. అరెస్టయ్యానని ఒప్పుకున్నారేమోనని ఆఫీసరు ఆగి మళ్లీ అడుగుతాడు, మనిషి బెదిరిపోతాడు. అందుకని 'యెస్', 'నో' విడిగా పలకనివ్వకు. 'నో, నెవర్', 'యెస్, ఐ డూ' అని జంటగా అలవాటు చెయ్యి. 'హావ్ యూ ఎవర్' అని మొదలయ్యే ప్రశ్నలు రోజుకి పది. వాటిలో 'క్లెయిమ్', 'రిజిస్టర్ టు వోట్', 'ఓత్' లాంటి మాటలకి ముందు తెలుగులో అర్థం చెప్పు, తర్వాత వాళ్ల సొంత ఇంగ్లీషులో చెప్పించు. ఓత్ అంటే ప్రామిస్ అన్నా చాలు. లాస్ట్ నేమ్ అడిగితే ఇంటిపేరు చెప్పాలి. మనకి ముందొచ్చేది అక్కడ చివరన ఉంటుంది, దీనికే తడబడతారు.

చదవడం, రాయడం తేలిక. మూడేసి వాక్యాల్లో ఒక్కటి సరిగ్గా వస్తే చాలు. రాతలో చిన్న స్పెల్లింగు తప్పులు క్షమిస్తారు గానీ మాటల్ని కుదించి రాయకూడదు.

సివిక్స్‌లో మన బడిలో చదివిందే అడ్డం వస్తుంది. అక్కడి గవర్నరు మన దగ్గరి గవర్నరు లాంటివాడు కాదు, జనం ఓట్లతో గెలిచి రాష్ట్రాన్ని నడిపే మనిషి. ముఖ్యమంత్రితో పోల్చి చెప్పు. సెనేటరు పదవీకాలం 6 ఏళ్లు అనగానే రాజ్యసభ గుర్తొస్తుంది, ఆ పోలిక అక్కడితో ఆపు. రాష్ట్రం పెద్దదైనా చిన్నదైనా సెనేటర్లు ఇద్దరే. గవర్నరు, సెనేటర్ల పేర్లు ఎవరి రాష్ట్రానివి వాళ్లకి ప్రశ్నల పుస్తకం వెనక అట్ట మీద రాసివ్వు. ఎన్నికలైనప్పుడల్లా సరిచూడు.

ఇంకోటి, పౌరసత్వం వస్తే భారత పాస్‌పోర్టు అప్పగించాలి. విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకున్నా ఇక్కడ ఓటు ఉండదు, పొలం కొనలేరు. ఇది క్లాసు మధ్యలో తెలిస్తే గొడవైపోతుంది, ముందే చెప్పెయ్యి.

ఇంటర్వ్యూ మన నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో జరగదు, అక్కడికి వెళ్లాక వాళ్లుండే ప్రాంతపు ఆఫీసులోనే. ఇంగ్లీషైనా సివిక్సైనా మొదటిసారి తప్పితే 60 నుంచి 90 రోజుల్లో, తప్పిన భాగానికి మాత్రమే ఇంకో అవకాశం ఇస్తారు. ఆ రెండు మూడు నెలలు ఫోన్లో వారానికి మూడు రోజులు చెప్పు. మనకి పొద్దున్న 7:30 అయితే న్యూజెర్సీలో చలికాలం రాత్రి 9, ఎండాకాలం 10. మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారం మారుస్తారు, ఆ వారం ముందే మెసేజ్ పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ